జడ మీద నియమం ఉంది, నీళ్ల మీద లేదు

కొత్తపట్నం పల్లెపాలెంలో ఆ మధ్య స్త్రీల సమావేశం పెట్టుకున్నాం. మాట్లాడుకోవాల్సినవి పెద్ద విషయాలే. మంచినీళ్ల ట్యాంకరు, బెల్టుషాపు, పొదుపు సంఘం అప్పు. అన్నీ అయ్యాక, చాపలు చుడుతుండగా, వెనక వరసలోంచి ఒకామె లేచింది. "అక్కా, మా పాపకి హాస్టల్లో జుట్టు కత్తిరిచ్చి పంపిచ్చారు. పేలున్నయ్యంట. మూడు రోజుల్నించి బడికి పోనంటంది. దీనికేమన్నా కాయితం రాయొచ్చా?" అని అడిగింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. "జుట్టే కదమ్మా, పెరుగుతుందిలే" అని ఎవరో అన్నారు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత నోరు విప్పలేదు.

ఆ మాట అన్నది నేనే. ఇరవై ఏళ్లుగా స్త్రీల హక్కుల గురించి మాట్లాడుతున్నదాన్ని, ఒక ఆడపిల్ల తల మీద ఆమె ఇష్టం లేకుండా కత్తెర పడితే దాన్ని హక్కుల విషయంగా గుర్తించలేకపోయాను. ఈ వ్యాసం ఆ తప్పు దిద్దుకోవడానికి రాస్తున్నాను. నాలాగే అనుకునేవాళ్లు మనలో ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం గట్టిగానే రాస్తున్నాను.

ముందుగా ఒక జడకు ఎంత శ్రమ పడుతుందో లెక్క వేద్దాం. వారానికి కనీసం ఒక తలస్నానం. దానికి రెండు మూడు బకెట్ల నీళ్లు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లటి మడ్డిగా మారి జుట్టుకు పట్టుకుని అట్టలు కడుతుంది. మన అమ్మమ్మలు కుంకుడుకాయ రుద్దింది చాదస్తంతో కాదు. ఉప్పునీళ్లలోనూ నురగ ఇచ్చేది అదే. కానీ కుంకుడుకాయలు కొనాలి, కొట్టాలి, నానబెట్టాలి, పిసకాలి. తర్వాత నూనె, చిక్కు తీయడం, దువ్వడం, అల్లడం. ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో రోజూ పొద్దున్నే అరగంట పని. మిరపకాయల కోతకు పోయే తల్లి తెల్లవారకముందే ఆటో ఎక్కాలి. ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగుకు పోయే తల్లిదీ అదే పరిస్థితి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే తల్లికి తన జుట్టుకే దిక్కులేదు. చుట్టకుదురు ఒరుసుకుని నడినెత్తిన వెంట్రుకలు పలచబడిన ముసలమ్మలను ఏ పల్లెపాలెంలోనైనా చూడొచ్చు. మిరప కోరు, పొగాకు దుమ్ము తలలో దిగి దురద పెడుతుంటే, కూలి నుంచి ఇంటికొచ్చాక కడుక్కోవడానికి వాటి పాటికి నీళ్లు ఉండవు. ఈ పనిని ఎవరూ పని కింద లెక్కించరు. తల్లి చేయాలి, లేకపోతే అక్క చేయాలి. ఎవరూ లేకపోతే పిల్ల మురికిదని పేరు పడుతుంది.

ఈ లెక్క తెలియనివాళ్లు మాత్రం నియమాలు బాగా రాస్తారు. రెండు జడలు. కొన్నిచోట్ల మడత జడలు, రిబ్బన్లు, అవీ చెప్పిన రంగువే. నూనె రాసి ఒక్క వెంట్రుక లేవకుండా అణచాలి. పొడవుగా, సాఫీగా, నూనె పెడితే అణిగే జుట్టు ఉన్న పిల్లను మనసులో పెట్టుకుని రాసిన నియమం ఇది. ఉంగరాల జుట్టు పిల్ల గురించి, రింగురింగులుగా పైకి లేచే జుట్టు పిల్ల గురించి, జబ్బు చేసి జుట్టు రాలిన పిల్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. అలాంటి పిల్లకు మనం పెట్టే పేర్లు గుర్తు తెచ్చుకోండి. పిచ్చుకగూడు. కొబ్బరిపీచు. దయ్యం తల. ఈ పేర్లు ఏ వాడ పిల్లలకు ఎక్కువ అంటుకుంటాయో మనందరికీ తెలుసు. "జుట్టు చూస్తేనే తెలుస్తుంది" అనే మాటలో తెలిసేది కులమే. శుభ్రత అనే మాట చాటున ఆ మాట బడిగదిలోకి కూడా వచ్చి కూర్చుంది.

ఇది మన ఊరి సంగతే అనుకోకండి. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా బాలికల హైస్కూలు ఉంది. ఒకప్పుడు తెల్లపిల్లలకే ఉండేది. 2016 ఆగస్టులో అక్కడి నల్లజాతి అమ్మాయిలు బడి ఆవరణలోనే నిరసనకు దిగారు. తమ సహజమైన జుట్టును పెంచుకోనివ్వడం లేదని, సాఫీ చేసుకు రమ్మంటున్నారని వాళ్ల ఫిర్యాదు. కాపలాదార్లకు ఎదురు నిలబడి చేతులు అడ్డంగా పైకెత్తిన జులైఖా పటేల్‌కు అప్పుడు 13 ఏళ్లు. వారం తిరక్కుండానే ఆ రాష్ట్ర విద్యాశాఖ జుట్టు నియమాన్ని పక్కన పెట్టించింది. ఆ పిల్లల ముందు కూడా మనం "జుట్టే కదమ్మా" అనేవాళ్లమేనా?

ఆఫ్రికా స్త్రీల జుట్టు మీద అధికారం చేయాలనే కోరిక పాతది. 1786లో లూసియానా గవర్నరు బానిసత్వం నుంచి బయటపడిన నల్ల స్త్రీలు జుట్టు కనబడకుండా గుడ్డ చుట్టుకోవాలని ఉత్తర్వు వేశాడు. వాళ్ల జుట్టు అలంకారం తెల్ల స్త్రీలతో పోటీ పడుతోందని. ఆ స్త్రీలు ఆ గుడ్డనే రంగురంగుల తలపాగాగా చుట్టి, ఆజ్ఞనే అలంకారం చేసుకున్నారు. ఇంకొంచెం దగ్గరి కాలానికి వస్తే, 1981లో రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని అమెరికన్ ఎయిర్‌లైన్స్ మీద కోర్టుకెక్కింది. తల చర్మానికి ఆనించి వరసలు వరసలుగా అల్లే జడలు వేసుకుని పనికి రావద్దన్నది కంపెనీ. కోర్టు కంపెనీ పక్షమే వహించింది. జడ పుట్టుకతో వచ్చింది కాదు, విప్పేసుకోవచ్చు కదా అన్నది. అంతకు కొద్దికాలం ముందు ఒక తెల్ల నటి సినిమాలో ఆ జడలు వేసుకుంటే అది ఫ్యాషన్ అయింది. ఆ ఫ్యాషన్ చూసి వేసుకుందన్న వాదన కూడా కోర్టు రాతలోకి ఎక్కింది. తరతరాలుగా తల్లులు అల్లిన జడ చివరికి తెల్లవాళ్ల కానుక అయిపోయింది. జుట్టు తీరును బట్టి బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపడం చట్టవిరుద్ధమని అమెరికాలో మొదటిసారి చట్టం చేసింది కాలిఫోర్నియా రాష్ట్రం. అది 2019లో.

అంత పోరాటం ఒక జడ కోసమా అని అడిగేవాళ్లకు ఆ జడ ఏమిటో కొంచెం చెప్పాలి. బాగా మెలి తిరిగిన జుట్టులో, తల చర్మంలో ఊరే నూనె చివరిదాకా జారదు. జుట్టు తొందరగా ఎండుతుంది, దువ్వెన తగిలితే తెగుతుంది. పాయలు పాయలుగా అల్లిపెడితే రోజూ దువ్వే బాధ తప్పుతుంది. ఆ జడ వాళ్లకు జుట్టును కాపాడే పద్ధతి. అల్లడానికి నాలుగు గంటలు పట్టొచ్చు, ఎనిమిది పట్టొచ్చు. తర్వాత దానికో సంరక్షణ ఉంది. రాత్రి పడుకునేటప్పుడు శాటిన్ గుడ్డ చుట్టుకోవాలి. నూలుగుడ్డ జుట్టులోని తేమ పీల్చేస్తుంది. వారానికో, రెండు వారాలకో షాంపూ నీళ్లలో కలిపి పాయల మధ్య చర్మాన్ని వేళ్లతో కడగాలి. పూర్తిగా ఆరనివ్వాలి, లేకపోతే వాసన వస్తుంది, బూజు పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు విప్పేయాలి. నుదుటి దగ్గర లాగినట్టు నొప్పి పుట్టినా, పొక్కులు లేచినా జడ మరీ బిగిసిందని అర్థం, అప్పటికప్పుడు వదులు చేయాలి. ఇదంతా తల్లి నుంచి కూతురికి వచ్చే విద్య. మన కుంకుడుకాయ విద్య లాంటిదే.

ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. జుట్టును రోజూ బిగించి లాగితే నుదుటి పక్కన, చెవుల పైన వెంట్రుకలు ఊడిపోతాయి. దీన్ని వైద్యులు ట్రాక్షన్ అలోపీషియా అంటారు. మొదట్లో వదులు చేస్తే మళ్లీ మొలుస్తాయి, ఏళ్లపాటు లాగితే ఇక మొలవవు. 2007లో అచ్చయిన ఒక దక్షిణాఫ్రికా అధ్యయనంలో పెద్ద స్త్రీలలో దాదాపు మూడింట ఒకవంతుకు ఈ బాధ కనిపించింది. మన మడత జడల పిల్లల నుదుళ్లు ఎవరైనా పరీక్షించారా? "గట్టిగా వేస్తేగాని సాయంత్రం దాకా నిలవదు" అని మనమే మోకాళ్ల మధ్య పిల్లను అదిమిపెట్టి లాగుతాం. ఏడిస్తే మొట్టికాయ వేస్తాం. ఎందుకు? జడ కాస్త వదులైతే బడిలో మాటపడుతుందని.

నియమానికి లొంగడానికి ఆడవాళ్లు చెల్లించే ధర ఇంకా పెద్దది కూడా కావచ్చు. అమెరికాలో దాదాపు 34 వేల మంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. జుట్టు సాఫీ చేసే రసాయనాలు ఎప్పుడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.64 అని, తరచుగా వాడేవాళ్లలో 4.05 అని తేలింది. ఆ రసాయనాలు నల్ల స్త్రీలే ఎక్కువగా, చిన్న వయసు నుంచే వాడారు. సరే, రసాయనం మాని జడలే వేసుకుందామంటే, కలిపి అల్లడానికి బజార్లో దొరికే కృత్రిమ జుట్టు సంగతి 2025లో బయటపడింది. కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ పది రకాలు పరీక్షిస్తే పదింటిలోనూ క్యాన్సర్ కారకాలు, తొమ్మిదింటిలో సీసం కనిపించాయి. జుట్టు ఎలా ఉండాలో చెప్పే అధికారులు ఎందరో ఉన్నారు. జుట్టుకు రాసేదాంట్లో, కలిపేదాంట్లో ఏముందో చూసే అధికారి ఇంతకాలం లేడు.

ఇంతకీ ఆ సరుకుకూ మనకూ సంబంధం లేదా? ఉంది. దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకల్ని మన ఆడవాళ్లు ఉండ చుట్టి చూరులో దోపుతారు. వీధిలోకి వచ్చే మనిషికి ఇచ్చి స్టీలు గిన్నో, ప్లాస్టిక్ మగ్గో, పిల్లలకు బుడగలో తీసుకుంటారు. ఒకప్పుడు ఆ జుట్టు సవరాలయ్యేది. పలచటి జడలున్న మన అత్తలు, పిన్నులు పెళ్లిళ్లకు సవరం కలిపే జడ వేసుకున్నారు. జుట్టులో జుట్టు కలిపి అల్లడం ఆఫ్రికా వింతేమీ కాదు. ఇప్పుడా ఉండలు ఏలూరు లాంటి కేంద్రాలకు చేరుతున్నాయి. అక్కడ ఆడవాళ్లే కూర్చుని చిక్కు విడదీసి, పొడవుల వారీగా కట్టలు కడతారు. తర్వాత చైనా చేరి విగ్గులై, అతికే జుట్టై, అమెరికాలో, ఆఫ్రికాలో నల్ల స్త్రీల తలల మీదికి వెళ్తుంది. 2022 జనవరిలో కేంద్రప్రభుత్వం ముడి జుట్టు ఎగుమతికి లైసెన్సు ఉండాలన్నది. దొంగతోవన సరిహద్దు దాటిపోయి ఇక్కడి వ్యాపారం దెబ్బతింటోందన్న ఫిర్యాదుల మీద. తిరుమల కల్యాణకట్ట జుట్టు వేలం ద్వారా దేవస్థానానికి ఏటా వంద కోట్ల పైన వస్తుంది. అంటే తల నుంచి విడిపోయిన వెంట్రుకకు ధర ఉంది, వేలం ఉంది, చట్టం ఉంది, సరిహద్దు కాపలా ఉంది. తల మీదున్న వెంట్రుకకు ఒక బకెట్ మంచినీళ్లు లేవు. చిక్కు విడదీసే ఆమెకు దుమ్ము నుంచి ముక్కుకు గుడ్డ లేదు. కొత్తపట్నంలో జుట్టు ఇచ్చిన స్త్రీకి వచ్చింది గిన్నె. అట్లాంటాలో జుట్టు కొన్న స్త్రీకి వచ్చింది బిల్లు. మధ్యలో ఎవరు బాగుపడ్డారో వేరే చెప్పాలా?

ఇప్పుడు అవతలి వాదనలకు వద్దాం. మొదటిది పేలు. "వందమంది పిల్లలు ఒకచోట ఉంటారు, కత్తిరించక ఏం చేయమంటారు?" అని వార్డెన్లు అడుగుతారు. పేలకు మురికి అక్కర్లేదు. తలకు తల తగిలితే చాలు, పాకుతాయి. కింద పక్కపక్కనే పడుకోబెడితే పాకక ఏం చేస్తాయి? ఒక పిల్ల జుట్టు కత్తిరిస్తే పక్క పిల్ల తలలోవి పోవు. పర్మెత్రిన్ మందు ఉంది. అందరికీ ఒకే రోజు రాయాలి, వారం పది రోజులకు మళ్లీ రాయాలి, పేలదువ్వెనతో ఈపులు దువ్వాలి. ఖర్చు కొద్దిగానే, శ్రమ మాత్రం ఎక్కువ. కత్తెర చౌక. కత్తెర పట్టడానికి అసలు కారణం ఆ చౌకే.

రెండోది క్రమశిక్షణ. 2024 నవంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా జి.మాడుగుల కస్తూర్బా విద్యాలయంలో ప్రార్థనకు ఆలస్యంగా వచ్చారని పదిహేను మందికి పైగా అమ్మాయిల జుట్టు కత్తిరించారు. నీళ్లు సరిగా లేక స్నానాలు ఆలస్యమయ్యాయని ఆ పిల్లలు చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. నీళ్లు సమకూర్చనందుకు ఎవరి జుట్టూ తెగలేదు. నీళ్లు లేనందుకు పిల్లల జుట్టు తెగింది. నా వాదనంతా ఈ ఒక్క సంఘటనలో ఉంది.

ఇది దౌర్జన్యమని చెప్పడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలకు శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. దళితులు, ఆదివాసుల మీద అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో బలవంతంగా తల గొరిగించడాన్ని పేరు పెట్టి నేరాల్లో చేర్చారు. ఎందుకు చేర్చాల్సి వచ్చిందో మన రాష్ట్రానికి బాగా తెలుసు. 1996 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు శిరోముండనం చేశారు. విశాఖ కోర్టు దోషులకు శిక్ష వేసింది 2024 ఏప్రిల్‌లో. ఇరవై ఏడేళ్ల పైన పట్టింది. వితంతువు తల గొరిగించిన సంప్రదాయం, దళితుడి తల గొరిగించిన పెత్తనం, హాస్టల్ పిల్ల జడ కోసిన క్రమశిక్షణ, మూడూ ఒకే మాట చెబుతాయి: నీ శరీరం మీద నీకు అధికారం లేదు.

మూడో వాదన మన లోపలిది, అందుకే నాకు అన్నిటికన్నా కష్టమైనది. మనలో చాలామందిమి ఒక కాలంలో జడ కత్తిరించుకున్నాం. బారెడు జడ, పూలు, జడగంటలు, ఇవన్నీ స్త్రీని బొమ్మను చేసే సింగారమని అన్నాం. ఆ మాటలో నిజముంది. నాకు కత్తెర విడుదల ఇచ్చింది. కానీ నా కత్తెర నేను పట్టుకున్నాను. ఆ పల్లెపాలెం పిల్ల కత్తెర ఇంకొకరి చేతిలో ఉంది. ఈ తేడా మరచిపోయి, "పోతే పోయింది, హాయిగా ఉంటుంది" అని చెప్పినప్పుడు మనం వార్డెన్ పక్కనే నిలబడ్డాం. పొడవు జడ వేసుకోవాలనడం ఎంత పెత్తనమో, ఆ జడ అనవసరమని తీర్పు చెప్పడం కూడా అంతే పెత్తనం. ఆ తల్లి రోజూ తెల్లవారుజామున నిద్ర మాని వేసిన జడ అది. అందులో ఆమె శ్రమ ఉంది. నా బిడ్డ ఎవరికీ తీసిపోదన్న పౌరుషం ఉంది.

ప్రభుత్వం మాట కూడా ఇదే. హాస్టల్ అమ్మాయిలకు నూనె, సబ్బు కోసం నెలనెలా ఇచ్చే డబ్బుకు కాస్మెటిక్ ఛార్జీలు అని పేరు. అంటే సింగారం ఖర్చు. తెలంగాణలో 2024 నవంబరు దాకా ఎనిమిదో తరగతి, ఆ పైన చదివే అమ్మాయికి ఇది నెలకు 75 రూపాయలు. అప్పుడు 275 చేశారు. పెంచింది మంచిదే, అంతకుముందు అన్నేళ్లు 75తో ఎలా గడిచిందని అడగాలి. సింగారమని పేరు పెడితే ఆలస్యం చేయడం సులువు, ఆపేయడం ఇంకా సులువు. అది ఆరోగ్యం ఖర్చు, ఆ పేరుతోనే పద్దు రాయాలి.

కాబట్టి మన కార్యకర్తలు ఈసారి హాస్టళ్లకు, బడులకు వెళ్లినప్పుడు భోజనం, మరుగుదొడ్డి గురించి అడిగినట్టే తలస్నానం గురించీ అడగాలని నా ప్రతిపాదన. ఎంతమందికి ఎన్ని కుళాయిలు? నీళ్లు మంచివా, ఉప్పువా? నూనె, సబ్బు డబ్బు పోయిన నెలది వచ్చిందా? ఏ ఆడపిల్ల జుట్టూ ఆమె ఒప్పుకోకుండా, తల్లికి తెలియకుండా ముట్టుకోకూడదని రాతపూర్వకంగా తీసుకోవాలి. పేలకు మందు అందరికీ ఒకేసారి వేయించాలి. "జుట్టు శుభ్రంగా కట్టుకోవాలి" అన్నంతవరకే నియమం ఉండాలి. ఒక జడా, రెండా, పది పాయలా, పొట్టి జుట్టా అన్నది పిల్ల ఇష్టం. మిరప కల్లాల్లో, గ్రేడింగు షెడ్లలో తలగుడ్డ, ఇంటికి పోయేముందు కడుక్కోవడానికి నీళ్లు యజమాని ఇవ్వాలి. చిక్కు విడదీసే స్త్రీలను కార్మికులుగా నమోదు చేసి కనీస వేతనం ఇవ్వాలి.

కొత్తపట్నానికి ఒక చరిత్ర ఉంది. 1937లో ఇక్కడ సోషలిస్టులు రాజకీయ ఆర్థిక పాఠశాల పెట్టారు, ప్రభుత్వం నిషేధించింది. రాజకీయాలంటే ఏమిటో నేర్చుకోవడానికి యువకులు ఈ ఒడ్డుకు వచ్చారు. అదే ఒడ్డున నాకు పాఠం చెప్పడానికి ఒక తల్లి వెనక వరసలోంచి లేచింది, నేను కూర్చోబెట్టాను. పోయిన వారం మళ్లీ వెళ్లాను. కాయితం రాశాం. కింద ఆమె వేలిముద్ర వేసింది. పాప గడప దగ్గరే నిలబడి ఉంది, తల మీద తుండుగుడ్డ తీయకుండా. కాయితంలో ఏం రాశామో చదివి వినిపించమంది. చదివాను. "నన్ను అడక్కుండా కోశారు, అది కూడా రాయండి" అంది.

రాశాం. అసలు మొదటి వాక్యం అదే కావాల్సింది.